ఒకే ఖడ్గం, రెండు దారులు: జపాన్ కెండో, కొరియా కుమ్‌డో



ఒక దృశ్యాన్ని ఊహించుకోండి. నున్నటి చెక్క నేల మీద ఇద్దరు ఆటగాళ్లు ఒట్టి కాళ్లతో ఎదురెదురుగా నిలబడ్డారు. ముఖానికి లోహపు కమ్మీలున్న ముసుగు, చేతులకు మందపాటి తొడుగులు, ఛాతీకి గట్టి కవచం ధరించారు. ఇద్దరి చేతుల్లోనూ వెదురు కత్తులు ఉన్నాయి. ఉన్నట్టుండి ఒకరు పెద్దగా కేక పెట్టి, నేల అదిరేలా అడుగు వేసి, ఎదుటివారి తల మీద దెబ్బ వేశారు. ముగ్గురు న్యాయనిర్ణేతల్లో ఇద్దరు జెండాలు ఎత్తారు. పాయింటు వచ్చింది.

ఇది ఏ దేశపు విద్య? టోక్యోలో అడిగితే 'కెండో' అంటారు. సియోల్‌లో అడిగితే 'కుమ్‌డో' అంటారు. చైనా లిపిలో రాస్తే రెండు పేర్లకూ మూలం అవే రెండు అక్షరాలు. మొదటిదానికి 'ఖడ్గం' అని, రెండోదానికి 'మార్గం' అని అర్థం. అంటే రెండు పేర్లూ 'ఖడ్గమార్గం' అనే చెబుతున్నాయి. ఉచ్చారణలోనే తేడా.

మరి ఇవి రెండూ ఒకటేనా? ఒకటే అయితే, ఇది ముందు ఎవరిది అన్న వాదన రెండు దేశాల మధ్య ఎందుకు తెగడం లేదు? ఈ పాఠంలో ఈ రెండు విద్యల పుట్టుకను, పెరుగుదలను, పోలికలను, తేడాలను పరిశీలిద్దాం. పరిశీలించే క్రమంలో ఇంకొక ముఖ్యమైన విషయం కూడా నేర్చుకుందాం. ఎవరైనా ఒక విద్యను 'చాలా ప్రాచీనమైనది' అని చెప్పినప్పుడు ఆ మాటను ఎలా పరీక్షించాలన్నదే ఆ విషయం.

జపాన్: గురువు నుంచి శిష్యుడికి

జపాన్ కత్తి అనగానే మనకు గుర్తుకొచ్చేది కొద్దిగా వంపు తిరిగి, ఒకవైపు మాత్రమే పదును ఉన్న ఖడ్గం. ఈ వంపు కత్తి హెయాన్ యుగంలో, అంటే 794 నుంచి 1185 వరకు సాగిన కాలంలో, రూపుదిద్దుకుంది. గుర్రం మీద నుంచి నరకడానికి వంపు అనువుగా ఉంటుంది. ఇనుప ఇసుకను బొగ్గుతో కలిపి కరిగించి ఉక్కు తీసేవారు. కత్తి తయారయ్యాక దానికి బంకమట్టి పూత పూసి కాల్చి నీళ్లలో ముంచేవారు. పదును వైపు పూత పలుచగా, వెన్ను వైపు మందంగా ఉండేది. అందువల్ల అంచు త్వరగా చల్లారి గట్టిపడేది. వెన్ను నెమ్మదిగా చల్లారి, దెబ్బకు విరగని మెత్తదనంతో మిగిలేది.

కత్తిని వాడే విద్యను జపాన్‌లో 'కెంజుత్సు' అన్నారు. ఇది 'ర్యూ' అనే సంప్రదాయాలుగా చీలి పెరిగింది. 15వ శతాబ్దంలో ఇజాసా ఇయెనావో ప్రారంభించిన కతోరి షింతో ర్యూ వీటిలో బాగా పాతది. అది ఇప్పటికీ కొనసాగుతోంది. తరువాతి కాలంలో ఇత్తో ర్యూ, షింకగె ర్యూ వంటివి ప్రసిద్ధికెక్కాయి. శిష్యుడు చేరేటప్పుడు ప్రమాణం చేయాలి. విద్యలో రహస్యాలు బయటపెట్టకూడదు. ఏళ్లు గడిచాక అర్హతను బట్టి గురువు పత్రం ఇస్తాడు.

జపాన్‌లో గ్రంథాలు లేవని కాదు. తోకుగావా షోగన్లకు ఖడ్గవిద్య నేర్పిన యాగ్యూ మునెనోరి 1632లో ఒక గ్రంథం రాశాడు. 1612లో గాన్ర్యూ దీవిలో ససాకి కోజిరోతో ద్వంద్వయుద్ధం చేసిన మియామోతో ముసాషి, 1645లో తన జీవితం చివర మరొక గ్రంథం పూర్తి చేశాడు. కానీ ఆ పుస్తకాలను మాత్రమే చదివి ఎవరూ కత్తి పట్టడం నేర్చుకోలేరు. విద్య అసలు రూపం గురువు చేతిలో ఉండేది. జపాన్‌లో ఖడ్గవిద్య నిలిచింది గురుపరంపర వల్ల అని గుర్తుంచుకోండి.

కొరియా: రాజాజ్ఞతో అచ్చయిన పుస్తకం

కొరియాలో పరిస్థితి వేరు. 1392లో మొదలైన జోసన్ రాజ్యంలో సైనికుడికి అన్నిటికంటే ముఖ్యమైన ఆయుధం విల్లు. కత్తి రెండో స్థానంలో ఉండేది. 1592లో జపాన్ పాలకుడు హిదెయోషి సేనలు కొరియా మీద దండెత్తాయి. 1598 వరకు సాగిన ఈ యుద్ధంలో, ఎదురెదురుగా పోరాడే సమయంలో జపాన్ సైనికుల కత్తులను తట్టుకోవడం కొరియా సైన్యానికి కష్టమైంది. దాంతో రాజ్యం కొత్త శిక్షణ విభాగాన్ని ఏర్పాటు చేసి, దగ్గరి పోరాటానికి పనికొచ్చే ఆయుధవిద్యలను సైనికులకు నేర్పడం మొదలుపెట్టింది. 1598లో ఆరు ఆయుధాల గురించి ఒక చిత్రసహిత గ్రంథం తయారైంది. అందులో రెండు చేతులతో పట్టే పొడవు కత్తి కూడా ఒకటి.

ఆ వరుసలో చివరిది, అన్నిటికంటే సమగ్రమైనది 'ముయే దోబో తొంగ్జి'. జొంగ్జో రాజు ఆజ్ఞ మేరకు 1790లో ఇది వెలువడింది. పండితులు యీ దొక్‌ము, పాక్ జెగా, యుద్ధవిద్యలో ఆరితేరిన బేక్ దోంగ్సు కలిసి దీన్ని రూపొందించారు. ఇందులో 24 విద్యలు ఉన్నాయి. ఒక్కొక్క భంగిమకు బొమ్మ గీశారు. పండితుల భాషలో రాసిన నాలుగు సంపుటాలతో పాటు, కొరియా ప్రజల లిపిలో వివరణ ఇచ్చే మరో సంపుటం కూడా చేర్చారు. జపాన్ సంప్రదాయాలు విద్యను రహస్యంగా దాచుకుంటే, కొరియా రాజ్యం దాన్ని సైనికులందరికీ ఒకేలా నేర్పడానికి అచ్చు వేయించింది. 2017లో ఈ గ్రంథం యునెస్కో ప్రపంచ స్మృతి పట్టికలో చేరింది. దాన్ని ప్రతిపాదించింది ఉత్తర కొరియా.

అయితే పుస్తకానికి ఒక పరిమితి ఉంది. బొమ్మ ఒక భంగిమను చూపిస్తుంది. ఆ భంగిమ నుంచి తరువాతి భంగిమకు ఎంత వేగంగా, ఎంత బలంతో, ఏ లయలో వెళ్లాలో చూపించలేదు. 19వ శతాబ్దం చివర కొరియా పాత సైన్యం రద్దయ్యాక, చేత్తో చూపించే గురువుల గొలుసు బలహీనపడింది. ఈనాడు కొరియాలో ఈ విద్యలను సాధన చేస్తున్నవారు చాలావరకు ఆ పుస్తకాన్ని చదివి, భంగిమల మధ్య ఖాళీలను తమ అనుభవంతో పూరించుకున్నారు.

శత్రువు దగ్గర నేర్చుకోవడం

ఇప్పుడు ఈ పాఠంలో అతి ముఖ్యమైన భాగానికి వచ్చాం. 1790 నాటి ఆ కొరియా గ్రంథంలో కత్తికి సంబంధించిన అధ్యాయాలను కొంచెం జాగ్రత్తగా చూద్దాం.

మొదటిది, రెండు చేతుల పొడవు కత్తి. 16వ శతాబ్దం మధ్యలో చైనా తీరం మీద దాడులు చేసిన సముద్రపు దొంగల చేతుల్లో జపాన్ పొడవు కత్తులు ఉండేవి. వారితో పోరాడిన మింగ్ సేనాని చీ జిగువాంగ్ ఆ కత్తి బలాన్ని గమనించి, తన సైనికులకూ అలాంటిదే ఇచ్చి, తన యుద్ధగ్రంథంలో దాని గురించి రాశాడు. 1592 యుద్ధంలో కొరియాకు సాయంగా వచ్చిన మింగ్ సైన్యం ద్వారా ఆ విద్య కొరియాకు చేరింది. అంటే జపాన్ కత్తిసాము చైనా మీదుగా తిరిగి వచ్చి, జపాన్ సేనలను ఎదిరించడానికి కొరియాకు ఉపయోగపడింది.

రెండోది, 'యేదో' అనే కత్తి. చైనా రచయిత మావో యువాన్‌యీ 1621లో వెలువరించిన భారీ యుద్ధగ్రంథంలో ఒక ఖడ్గవిద్యను చేర్చి, అది జోసన్‌లో దొరికిందని రాశాడు. 1790లో కొరియా పండితులు దాన్ని ఆ చైనా పుస్తకం నుంచే తీసుకుని తమ గ్రంథంలో చేర్చారు. ఆ రచయిత మాటే నిజమైతే, కొరియా విద్య ఒకటి చైనా పుస్తకంలో తలదాచుకుని మళ్లీ ఇంటికి వచ్చిందన్నమాట.

మూడోది, 'వేకుమ్'. దీని అర్థమే 'జపాన్ కత్తి'. సుక్‌జోంగ్ రాజు కాలంలో, అంటే 1674 నుంచి 1720 మధ్య, కిమ్ చెగన్ అనే సైనికుడు రాయబారుల వెంట జపాన్ వెళ్లి అక్కడి ఖడ్గవిద్య నేర్చుకుని వచ్చాడని ఆ గ్రంథమే చెబుతోంది. అతను తెచ్చిన నాలుగు సంప్రదాయాలను పేర్లతో సహా నమోదు చేశారు.

ఇక్కడ ఒక్క క్షణం ఆగి ఆలోచించండి. ఆరేళ్లపాటు తమ దేశాన్ని అతలాకుతలం చేసిన శత్రువు విద్యను కొరియా పండితులు నేర్చుకున్నారు. నేర్చుకున్నాక దానికి కొత్త పేరు పెట్టి తమదని చెప్పుకోలేదు. అధ్యాయం పేరులోనే 'జపాన్ కత్తి' అని రాశారు. అప్పు తీసుకున్న సంగతి ఒప్పుకోవడం వారికి అవమానం అనిపించలేదు. రెండు శతాబ్దాల తరువాత అదే విషయం ఇంత చిక్కుగా ఎందుకు మారిందో ఇప్పుడు చూద్దాం.

వెదురు కత్తి పుట్టుక

1603లో మొదలైన ఎదో యుగంలో జపాన్‌లో యుద్ధాలు తగ్గిపోయాయి. కత్తి పట్టేవారికి సాధన ఉంది, యుద్ధం లేదు. చెక్క కత్తితో పూర్తి బలంతో కొడితే ఎముకలు విరుగుతాయి. మెల్లగా కొడితే విద్య పదును పోతుంది. ఈ చిక్కుకు 18వ శతాబ్దంలో పరిష్కారం దొరికింది. జికిషింకగె ర్యూకు చెందిన నాగానుమా కునిసాతో, ఇత్తో ర్యూకు చెందిన నకనిషి చూజో వంటి గురువులు కవచాలను మెరుగుపరచి, వెదురు కత్తితో నిజంగా కొట్టి సాధన చేసే పద్ధతిని వ్యాప్తిలోకి తెచ్చారు. నేటి కెండోకు పునాది ఇదే.

1868లో మెయిజీ ప్రభుత్వం వచ్చింది. 1876లో కత్తి ధరించి తిరగడాన్ని నిషేధించింది. ఖడ్గవిద్య అంతరించిపోతుందని చాలామంది అనుకున్నారు. కానీ 1877లో సత్సుమా తిరుగుబాటు సమయంలో తబరుజకా పోరులో కత్తులు పట్టిన పోలీసు దళం బాగా రాణించింది. దాంతో పోలీసు శిక్షణలో ఖడ్గవిద్యకు చోటు దక్కింది. 1895లో క్యోతోలో యుద్ధకళల సంఘం ఒకటి ఏర్పడింది. 1912లో వేర్వేరు ర్యూల నుంచి మెళకువలు తీసుకుని అందరికీ ఉమ్మడిగా పది 'కతా'లను, అంటే నిర్ణీత సాధనక్రమాలను, రూపొందించారు. 'కెండో' అన్న పేరు స్థిరపడింది కూడా ఆ దశాబ్దం చివరే. కాబట్టి దాని వేర్లు పాతవే అయినా, మనం చూసే కెండో ఆధునిక కాలపు సృష్టి.

ఈ కథలో ఒక చీకటి అధ్యాయం కూడా ఉంది. 1930లలో, రెండో ప్రపంచ యుద్ధకాలంలో కెండోను సైనిక స్ఫూర్తి నూరిపోయడానికి వాడుకున్నారు. 1945లో జపాన్ ఓడిపోయాక, ఆక్రమణ అధికారుల ఆదేశాలతో పాఠశాలల్లో దాన్ని ఆపేశారు. 1946లో ఆ పాత సంఘం రద్దయింది. 1950లో యుద్ధవాసన లేని ఒక కొత్త వెదురుకత్తి ఆటగా అది తిరిగి వచ్చింది. 1952లో అఖిల జపాన్ కెండో సమాఖ్య ఏర్పడింది. వ్యక్తిత్వాన్ని తీర్చిదిద్దడమే కెండో లక్ష్యమని 1975లో ఆ సమాఖ్య అధికారికంగా ప్రకటించింది. 2012 నుంచి జపాన్ మాధ్యమిక పాఠశాలల్లో ఏదో ఒక యుద్ధకళ తప్పనిసరి పాఠ్యాంశం. చాలా బడులు కెండోనో జూడోనో ఎంచుకుంటాయి.

కొరియాకు ఎలా చేరింది?

కవచం తొడుక్కుని వెదురు కత్తితో ఆడే ఈ కొత్త రూపం 1896లో కొరియా పోలీసు శిక్షణలో ప్రవేశించింది. 1910లో జపాన్ కొరియాను తనలో కలిపేసుకుంది. 1945 వరకు సాగిన ఆ వలస పాలనలో పోలీసుల్లోనూ పాఠశాలల్లోనూ కెండో నేర్పించారు. ఒక కొరియా కుర్రవాడికి ఆ వెదురు కత్తి నేర్పిన చేయి, అతని మాతృభాషను బడి నుంచి తరిమేసిన పాలకుడి చేయి ఒకటే. ఈ జ్ఞాపకమే తరువాతి వాదాలన్నిటికీ మూలం.

స్వాతంత్ర్యం వచ్చాక కొరియావారి ముందు రెండు దారులు ఉన్నాయి. వలస పాలన గుర్తు కనుక దాన్ని వదిలేయడం ఒకటి. తమదిగా మలుచుకోవడం రెండోది. వారు రెండో దారి ఎంచుకున్నారు. 1953లో కొరియా కుమ్‌డో సంఘం ఏర్పడింది. జపాన్ మాటల స్థానంలో కొరియా మాటలు వచ్చాయి. వెదురు కత్తి 'షినాయ్' కాస్తా 'జుక్‌దో' అయింది. కవచం 'బోగు' కాస్తా 'హోగు' అయింది. తల మీద కొట్టేటప్పుడు జపాన్ ఆటగాడు 'మెన్' అని అరిస్తే, కొరియా ఆటగాడు 'మొరి' అని అరుస్తాడు. రెండూ తలకు సంబంధించిన మాటలే.

నేటి పోలికలు, తేడాలు

ముందు పోలికలు చూద్దాం. రెండింటిలోనూ దెబ్బకు అనుమతి ఉన్న చోట్లు నాలుగే: తల, మణికట్టు, నడుము పక్కల భాగం, గొంతు. గొంతు దగ్గర పొడవడమే తప్ప కొట్టడం ఉండదు. వెదురు కత్తిని నాలుగు బద్దలు కలిపి తయారు చేస్తారు. పెద్దవాళ్ల కత్తి గరిష్ఠ పొడవు 120 సెంటీమీటర్లు. రెండు పాయింట్లు ముందుగా సాధించినవారు గెలుస్తారు. తగిలిన ప్రతి దెబ్బా పాయింటు కాదు. మనసు, కత్తి, శరీరం ఒక్కటై కొట్టాలి. కొట్టాక కూడా అప్రమత్తత సడలకూడదు. పాయింటు వచ్చిందని ఎగిరి గంతేస్తే ఆ పాయింటునే రద్దు చేయవచ్చు.

తేడాలు చిన్నవే, కానీ అర్థవంతమైనవి. జపాన్‌లో ఆటకు ముందూ తరువాతా ఇద్దరూ మునివేళ్ల మీద గొంతుక్కూర్చుని మర్యాద చూపుతారు. కొరియా దేశీయ పోటీల్లో దాన్ని వదిలేసి, నిలబడే నమస్కరిస్తారు. జపాన్‌లో న్యాయనిర్ణేతల జెండాలు ఎరుపు, తెలుపు. కొరియా దేశీయ పోటీల్లో నీలం, తెలుపు. శ్రేణి పరీక్షల్లో కొరియా సంఘం 1790 గ్రంథం ఆధారంగా పునరుద్ధరించిన దేశీయ ఖడ్గక్రమాలను కూడా అడుగుతుంది. ప్రపంచ పోటీల్లో మాత్రం అందరికీ అంతర్జాతీయ నియమాలే వర్తిస్తాయి.

ఆ పోటీలు 1970లో అంతర్జాతీయ కెండో సమాఖ్యతో పాటే మొదలయ్యాయి. సాధారణంగా మూడేళ్లకోసారి జరుగుతాయి. పురుషుల జట్టు విభాగంలో జపాన్‌దే ఆధిపత్యం. 2006లో తైపేలో మాత్రం జపాన్ సెమీఫైనల్లో అమెరికా చేతిలో ఓడింది. ఫైనల్లో అమెరికాను ఓడించి కొరియా విజేతగా నిలిచింది. 2018లో కొరియాలోని ఇంచియాన్‌లో జరిగిన ఫైనల్లో జపాన్ కొరియాను ఓడించింది.

పోటీకి వెలుపల ఉన్న విద్యలు కూడా ఉన్నాయి. జపాన్‌లో 'ఇయాయిడో' ఉంది. ఒర నుంచి కత్తి దూస్తూనే నరికి, మళ్లీ ఒరలో పెట్టడాన్ని ఒంటరిగా సాధన చేస్తారు. జపాన్ సమాఖ్య దీనికి 1969లో ఏడు ఉమ్మడి క్రమాలు నిర్ణయించింది. 1980లో మూడు, 2000లో రెండు చేర్చడంతో అవి 12 అయ్యాయి. కొరియాలో సువాన్ నగరపు రాజమందిరం ముందు 1790 గ్రంథంలోని 24 విద్యలను ప్రదర్శిస్తారు. 1980లలో మొదలైన 'హేదోంగ్ కుమ్‌డో' కూడా కొరియాలో బాగా వ్యాపించింది. ఇందులో పొడవైన సాధనక్రమాలు, వెదురు బొంగులను నరకడం, కత్తి విసురుతో కొవ్వొత్తి ఆర్పడం ఉంటాయి. పేరులో పోలిక ఉన్నా ఇది కవచంతో ఆడే కుమ్‌డో కాదు.

ఏది అసలైనది?

ఇప్పుడు మొదట అడిగిన ప్రశ్నకు వద్దాం. ఈ రెండు దేశాల్లోనూ ప్రాచీనత గురించి కథలు ఉన్నాయి. కతోరి షింతో ర్యూ స్థాపకుడికి దేవుడే స్వయంగా విద్య ప్రసాదించాడని జపాన్ కథ. కొరియాలోని 'బొన్‌గుక్‌కుమ్' అనే ఖడ్గక్రమాన్ని సిల్లా రాజ్యపు హ్వాంగ్‌చాంగ్ అనే బాలుడితో ముడిపెడతారు. అతను కత్తి నాట్యం చేస్తూ శత్రురాజును చంపాడని కథ. హేదోంగ్ కుమ్‌డోను 668లో పతనమైన గోగుర్యో రాజ్యంతో కలిపి చెప్పేవారూ ఉన్నారు.

ఇలాంటి మాట విన్నప్పుడు మూడు ప్రశ్నలు వేసుకోండి. ఒకటి, ఈ విద్యను గురించి మనకు దొరికిన మొట్టమొదటి రాత ఎప్పటిది? రెండు, ఆ రాతకూ, అది చెబుతున్న కాలానికీ మధ్య ఎంత దూరం ఉంది? మూడు, మధ్యలో దాన్ని ఎవరు, ఎలా అందించారు?

బొన్‌గుక్‌కుమ్ భంగిమల వర్ణన మనకు దొరికేది 1790 గ్రంథంలో. సిల్లా రాజ్యం 935లోనే ముగిసింది. మధ్యలో ఎనిమిది శతాబ్దాలకు పైగా దూరం ఉంది. కాబట్టి బాలుడి కథను కథగానే గౌరవించాలి. 1790 నాటి గ్రంథాన్ని ఆధారంగా తీసుకోవాలి. గోగుర్యో నుంచి నేటి దాకా సాగిన పరంపరను చూపే పత్రాలు లేవు కనుక దాన్ని చరిత్రగా చెప్పలేం. అంతమాత్రాన హేదోంగ్ సాధకుడి చెమటకు విలువ తగ్గదు. అదే కొలత జపాన్‌కూ వర్తిస్తుంది. కతోరి సంప్రదాయానికి ఆరు వందల ఏళ్లకు దగ్గరగా వచ్చిన గురుపరంపర ఉంది, దైవదత్తమన్నది మాత్రం నమ్మకం. 'కెండో వేల ఏళ్లనాటిది' అని ఎవరైనా అంటే, వెదురు కత్తి సాధన 18వ శతాబ్దంలో స్థిరపడిందని, ఉమ్మడి క్రమాలు 1912 నాటివని మీరు చెప్పగలగాలి.

కుమ్‌డో కెండో నుంచి వచ్చిందన్నది నిజం. ఆ కెండోకు చాలాముందే కొరియాకు తనదైన ఖడ్గచరిత్ర ఉందన్నదీ నిజమే. ఈ రెండు నిజాలు ఒకదాన్నొకటి కొట్టేయవు. ఒకదాన్ని దాచిపెట్టి రెండోదాన్నే చెప్పినప్పుడే తగాదా మొదలవుతుంది.

మన ఊళ్లలో పండుగల ఊరేగింపుల్లో కర్రసాము, కత్తిసాము మీరు చూసే ఉంటారు. ఈసారి చూసినప్పుడు ఆ సాము చేసే పెద్దాయన దగ్గరికి వెళ్లి, 'మీకు ఎవరు నేర్పారు? వారికి ఎవరు నేర్పారు?' అని అడిగి రాసుకోండి. గురువు జ్ఞాపకం ఆయనతోనే ఆగిపోతే తరువాతివారికి ఊహలే మిగులుతాయి. కొరియా పండితులు 1790లో చేసింది ఆ రాసుకునే పనే. శత్రువు నేర్పినదాన్ని కూడా శత్రువు పేరుతోనే రాశారు కనుకనే, ఈనాడు మనం వారి మాటను నమ్మగలుగుతున్నాం.

ఆలోచించండి

1. జపాన్‌లో ఖడ్గవిద్య నిలిచిన తీరుకూ, కొరియాలో నిలిచిన తీరుకూ ఉన్న ముఖ్యమైన తేడా ఏమిటి? ఒక్కొక్క పద్ధతిలో లాభమేమిటి, లోపమేమిటి?

2. 1790 గ్రంథంలో 'జపాన్ కత్తి' అన్న అధ్యాయం ఉండటం ఆ గ్రంథం విశ్వసనీయతను పెంచుతుందా, తగ్గిస్తుందా? మీ జవాబుకు కారణాలు రాయండి.

3. మీ ప్రాంతంలోని ఒక ఆటనో, కళనో తీసుకుని పైన చెప్పిన మూడు ప్రశ్నలతో పరీక్షించండి.